అమ్మమ్మా తాతయ్యా ఒకే పటంలో: ప్రాజెక్టు డైరీ

మా అమ్మమ్మ, తాతయ్య కలిసి దిగిన ఫోటో మా వాళ్ళెవరి దగ్గరా లేదు. పెళ్ళయిన కొత్తలో బందరు వెళ్ళి తీయించుకున్నది ఒకటుండేదట. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనలో ట్రంకుపెట్టెతో పాటే అదీ పోయింది. దివిసీమలో ఆ రాత్రి మనుషులే వేలల్లో పోయారు, ఇక ఫోటోలు ఎవరికి గుర్తుంటాయి. ఆ తర్వాత ఇద్దరూ చాలా ఏళ్ళే బతికారు గానీ, పక్కపక్కన నిలబడి ఫోటో దిగింది మాత్రం లేదు.

మాఘమాసంలో మావయ్య గృహప్రవేశం. కొత్త ఇంటి హాల్లో పెట్టడానికి ఇద్దరూ కలిసున్న పటం కావాలని పెద్దమ్మ అడిగింది. "బయట ఇస్తే మొహాలు నున్నగా చేసి ఎవరివో పెట్టి ఇస్తున్నార్రా. నువ్వే చెయ్యి, నాకు మా అమ్మా నాన్నా కావాలి" అంది. ఈ పనికి నేను పెట్టుకున్న షరతు ఆ చివరి మాటే.

పని చేసేది ఐప్యాడ్ మీద, ప్రొక్రియేట్‌లో. ఇది బొమ్మలు గీసే వాళ్ళ యాప్. ఇలాంటి యాప్‌లలో బొమ్మను ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలుగా (లేయర్లు) చేస్తాం. ఫోటోషాప్, అఫినిటీ లాంటి ఫోటో యాప్‌లలో ఉండే, అసలు ఫోటోను ముట్టకుండా పైనుంచి మార్పు చూపే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు ఇందులో లేవు. అంటే కర్వ్స్ (వెలుగునీడల సర్దుబాటు) మార్చినా, బ్లర్ చేసినా ఆ మార్పు నేరుగా ఫోటో మీదే పడుతుంది. కాన్వాస్ మూసి గ్యాలరీలోకి వెళ్తే అండూ చరిత్ర కూడా పోతుంది. కాబట్టి మొదటి నియమం: ఏ లేయర్‌ను ముట్టుకునే ముందైనా దానికో డూప్లికేట్ తీసి, అసలుదాన్ని దాచి పెట్టడం. ఇన్ని ఇబ్బందులున్నా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఐప్యాడ్ పెన్సిల్. మాస్క్ వేసేటప్పుడు (అక్కర్లేని భాగాన్ని చెరపకుండా దాచేటప్పుడు) చెయ్యి ఎక్కడ ఎంత నొక్కాలో దీంట్లో తెలిసినంతగా నాకు మరే యాప్‌లోనూ తెలియదు.

ఉన్నవి రెండే

తాతయ్యది పట్టాదారు పాసుపుస్తకంలో అతికించిన పాస్‌పోర్టు సైజు ఫోటో. నలుపు తెలుపు. తెల్ల చొక్కా, పై గుండీ పెట్టుకుని ఉన్నాడు, వెనక బూడిద రంగు తెర. మన కుడి చేతివైపు కింది మూల మీదుగా వంగపండు రంగు రబ్బరు ముద్ర, దాని అంచు కాలరు దాకా పాకింది.

అమ్మమ్మది రంగుల ఫోటో, పోస్టుకార్డు సైజు. ఎవరిదో పెళ్ళిలో అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా కనిపిస్తుంది. ఫోటో మొత్తం ఎర్రబారింది. అప్పటి రంగుల ప్రింట్లలో చాలావాటికి పెట్టెలో ఉన్నా పట్టే తెగులే ఇది: మూడు రంగుల పొరల్లో సయాన్ ముందుగా వెలిసిపోతే ఎరుపు మిగులుతుంది.

పాసుపుస్తకంలోంచి ఫోటో ఊడదీయలేదు. జిగురు కాగితాన్ని లాక్కుని వస్తుంది, పైగా ఆ పుస్తకమే ఒక జ్ఞాపకం. పుస్తకాన్ని విప్పి అలాగే స్కానర్ గాజు మీద బోర్లించి, మూత బదులు మెత్తటి తువ్వాలు కప్పాను. అమ్మమ్మ ఫోటో అదృష్టవశాత్తూ ఆల్బంలో ఉంది. ఫ్రేములో ఉండి గాజుకి అంటుకుపోయిన ఫోటో అయితే లాగకండి. మన సముద్రతీరపు తేమకి ఫోటో మీది జిలాటిన్ పొర గాజుకి పట్టేస్తుంది, లాగితే మొహం గాజుకే ఉండిపోతుంది. అలాంటివాటిని గాజుతో సహా స్కాన్ చేయడమే మంచిది.

రెండూ 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు), తాతయ్యదాన్ని కూడా కలర్ మోడ్‌లోనే స్కాన్ చేశాను. నలుపు తెలుపు ఫోటోకి కలర్ స్కాన్ ఎందుకంటే, ఆ ముద్ర కోసం. కింద చెప్తాను.

ఎంత పెద్ద పటం

పెద్దమ్మకి పెద్ద పటం కావాలి. ఎంత పెద్దదనేది మాత్రం ఫోటోలే తేల్చాలి. పాస్‌పోర్టు ఫోటో 3.5 × 4.5 సెంటీమీటర్లు, 1200 డీపీఐలో 1654 × 2126 పిక్సెళ్ళు వచ్చాయి. తాతయ్య తల దాదాపు అంగుళం, అంటే 1180 పిక్సెళ్ళ చిల్లర. అమ్మమ్మ తల ప్రింటులో 1.6 సెంటీమీటర్లే ఉంది, కాబట్టి 750 పిక్సెళ్ళే. రెండింట్లో చిన్నదే కొలబద్ద. అమ్మమ్మను సాగదీస్తే ముడతలు మసకబారి మైనపు బొమ్మ అవుతుంది. అందుకే తాతయ్యనే తగ్గించి ఆమె దగ్గరకి తెచ్చాను.

తలకి 750 పిక్సెళ్ళు అనుకుంటే 12 × 8 అంగుళాల అడ్డం పటం బాగా వస్తుంది. 300 డీపీఐ చొప్పున కాన్వాస్ 3600 × 2400. తల ప్రింటులో రెండున్నర అంగుళాలు. 12 × 18 అడిగినా ల్యాబు వాళ్ళు వేసిస్తారు గానీ అందులో పెరిగేది కాగితమే, మొహంలో కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు.

తాతయ్య ఫోటో ఛాతీ దాకానే ఉంది కాబట్టి పటం కూడా అక్కడికే ఆగాలి. లేని చేతులూ పంచె అంచూ గీసి పెట్టను. అమ్మమ్మ చేతులు, ఒళ్ళో పెట్టుకున్న రుమాలు ఫోటోలో ఎంతో బాగున్నాయి. వాటిని వదులుకోవడం బాధగానే ఉంది.

బొట్టు

తాతయ్య చొక్కాకి రంగు వేయడం నా వల్ల కాదు, ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నాడో చెప్పేవాళ్ళు లేరు. కాబట్టి అమ్మమ్మే నలుపు తెలుపులోకి రావాలి.

శాచురేషన్ (రంగు గాఢత) సున్నా చేసి చూస్తే నుదుట బొట్టు మాయమైంది. అమ్మమ్మది రూపాయి కాసంత కుంకుమ బొట్టు. ఎర్రబారిన ఫోటోలో నుదురూ ఎరుపే, బొట్టూ ఎరుపే. రంగు తీసేసరికి రెండూ ఒకే బూడిద రంగుకి వచ్చాయి. బొట్టు లేని అమ్మమ్మ మొహాన్ని తాతయ్య పక్కన ఎలా పెట్టను?

బొట్టును బ్రష్షుతో దిద్దడం సులువే, కానీ అసలు బొట్టు ఆ ఫోటోలోనే ఉంది. ఎరుపు వెలుగులో కనపడనిది ఆకుపచ్చ వెలుగులో కనపడుతుంది, ఎందుకంటే కుంకుమ ఆకుపచ్చని పీల్చేసుకుని అక్కడ నల్లగా పడుతుంది. డిజిటల్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు విడివిడి ఛానెళ్ళుగా ఉంటాయి. వాటి పాళ్ళు మార్చడానికి పెద్ద యాప్‌లలో ఛానెల్ మిక్సర్ ఉంటుంది. ప్రొక్రియేట్‌లో దాని పని ఇలా చేయించాను: ఫోటో మీద కొత్త లేయర్ పెట్టి అచ్చమైన ఆకుపచ్చ నింపి, బ్లెండ్ మోడ్ (పై పొర కింది పొరతో కలిసే తీరు) మల్టిప్లై చేశాను. అంటే ఎరుపు, నీలం సున్నా అయి ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే మిగులుతుంది. రెండు లేయర్లనీ కలిపేసి శాచురేషన్ సున్నా చేశాను. చీకటిగా వచ్చిన బొమ్మను కర్వ్స్‌తో పైకి లేపాను.

బొట్టు వచ్చింది, గుండ్రంగా, కింది అంచున కొద్దిగా చెదిరి. చెమటకి చెదిరినట్టుంది, పెళ్ళి ఎండాకాలంలోనే అయ్యుంటుంది. దాంతోపాటు కళ్ళ కింది గీతలూ పెదవుల అంచులూ తేలాయి. మొహం కొంచెం వయసు మళ్ళినట్టు కనిపిస్తుంది గానీ, నాకు తెలిసిన అమ్మమ్మ మొహం ఇదే.

ఇదే కిటుకు తిరగేస్తే తాతయ్య ముద్రకి పనికొచ్చింది. వంగపండు సిరా నీలం ఛానెల్‌లో లేతగా పడుతుంది, ఫోటోలో మిగతాదంతా బూడిద రంగే కాబట్టి దానికి పెద్దగా తేడా రాదు. ఆకుపచ్చ బదులు నీలం నింపి మల్టిప్లై చేస్తే కాలరు మీది సిరా గీత మూడొంతులు కరిగిపోయింది. కాగితం పసుపెక్కిన చోట్ల మాత్రం నీలంలో మచ్చలు ఇంకా నల్లగా అయ్యాయి. అందుకని నీలం బొమ్మను ముద్ర ఉన్న మేరకే మాస్క్‌తో వాడి, మిగతా ఫోటో మామూలు స్కాన్‌దే ఉంచాను. మిగిలిన జాడలు, పక్క భాగాన్ని కాపీ చేసి అద్దే క్లోన్ టూల్‌తో పోయాయి. అది చొక్కా గుడ్డ. మొహం దాకా వచ్చి ఉంటే క్లోన్ పట్టేవాణ్ణి కాదు.

ఎవరు ఎటు

భార్య భర్తకి ఎడమవైపు. అంటే చూసేవాళ్ళకి అమ్మమ్మ కుడివైపు కనిపించాలి. ముద్ర పడింది కూడా తాతయ్య ఎడమ భుజం మీదే. అమ్మమ్మ భుజం దాని ముందుకి రాగానే ముద్రలో సగం పైగా వెనక్కి పోయింది.

చిక్కు వెలుగులో ఉంది. తాతయ్యకి స్టూడియో దీపం మన ఎడమవైపు నుంచి పడింది. అమ్మమ్మకి అరుగు బయటి వెలుగు మన కుడివైపు నుంచి వచ్చింది. ఇద్దరినీ పక్కన పెడితే ఒకరికి ఉదయం, ఒకరికి సాయంత్రం.

ఫోటోను అద్దంలోలా ఎడమ కుడి తిప్పే ఫ్లిప్ హారిజాంటల్ నొక్కితే వెలుగు ఒక్క దెబ్బకి సరిపోతుంది, చాలా ట్యుటోరియల్స్ ఆ సలహానే ఇస్తాయి. మన ఫోటోలకి అది పనికిరాదు. తిప్పగానే పవిట కుడి భుజం మీదకి వస్తుంది. కుడి ముక్కున ఉన్న ముక్కుపుడక ఎడమకి పోతుంది. తాతయ్యను తిప్పితే చొక్కా జేబు కుడివైపుకి వస్తుంది. ఇవన్నీ సరిదిద్దినా మొహం మాత్రం కుదరదు. ఎవరి మొహమూ రెండువైపులా ఒక్కలా ఉండదు, అరవై ఏళ్ళు ఆ మొహం చూసిన కూతురికి ఏదో తేడా అని తెలిసిపోతుంది.

కాబట్టి తిప్పకుండా వెలుగునే మార్చాలి. అది చివర్లో.

కళ్ళ కొలత

రెండు తలల సైజు కళ్ళతో అంచనా వేస్తే మోసం. జుట్టు ఎత్తు, కొప్పు, బట్టతల లెక్క తప్పిస్తాయి. నేను కనుపాపల మధ్య దూరం పట్టుకున్నాను. పెద్దవాళ్ళలో అది సగటున 62 నుంచి 64 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఆడామగా తేడా చాలా తక్కువ. డ్రాయింగ్ గైడ్‌లో గ్రిడ్ పెట్టుకుని తాతయ్య కనుపాపల మధ్య 205 పిక్సెళ్ళు, అమ్మమ్మవి 200 వచ్చేలా సర్దాను. ట్రాన్స్‌ఫార్మ్‌లో యూనిఫార్మ్ (పొడవూ వెడల్పూ ఒకే పాళ్ళలో మారడం), బైక్యూబిక్ (నున్నగా తగ్గించే పద్ధతి) పెట్టుకుని ఒక్కసారే తగ్గించాలి. మళ్ళీ మళ్ళీ పెంచీ తగ్గించీ చేస్తే ప్రతిసారీ కొంత స్పష్టత పోతుంది. ఇంకో సైజు చూడాలనిపిస్తే దాచిన డూప్లికేట్ నుంచి మొదలుపెట్టడమే.

ఎత్తు విషయంలో కెమెరా మాట వినాలి. తాతయ్యను తీసినప్పుడు కెమెరా ఆయన కళ్ళకి సమానంగా ఉంది. అమ్మమ్మ కుర్చీలో ఉంటే ఫోటో తీసినతను నిలబడి తీశాడు, నెత్తి మీది పాపిడి కొద్దిగా ఎక్కువ కనిపిస్తుంది. ఈ తేడాను ఏ టూలూ మార్చలేదు, వార్ప్‌తో గెడ్డం లాగితే మొహం చెడుతుంది. అందుకే ఆమెను కిందికి దించాను. అమ్మమ్మ కళ్ళు తాతయ్య పెదవుల ఎత్తుకి వచ్చేసరికి ఆమె కూర్చున్నట్టు, ఆయన వెనక నిలబడ్డట్టు కుదిరింది. పాత స్టూడియో ఫోటోల్లో దంపతుల భంగిమ కూడా ఇదే కదా, ఒకరు కుర్చీలో, ఒకరు పక్కన.

ఫోటోలు కలపడం దాదాపు ఫోటోగ్రఫీ అంత పాత విద్య. 1857లో ఆస్కార్ రైలాండర్ 30కి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే ప్రింటు వేశాడు. మరుసటి ఏడు హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లతో మంచాన పడ్డ అమ్మాయి చిత్రం చేశాడు. మన ఊళ్ళ స్టూడియోల్లోనూ కత్తిరించి అతికించి, బ్రష్షుతో ఫినిషింగ్ చేసి, మళ్ళీ కెమెరాతో కాపీ తీసేవాళ్ళు. అలాంటి పటాలు ఇప్పటికీ చాలా ఇళ్ళ గోడల మీద ఉన్నాయి. పరిశీలనగా చూస్తే మెడ దగ్గర అతుకు దొరుకుతుంది.

మాస్క్

ఎరేజర్ వాడను. లేయర్ మీద నొక్కి మాస్క్ తీసుకుని నలుపుతో దాచడం, తెలుపుతో మళ్ళీ తెచ్చుకోవడం. ఫోటో చెక్కుచెదరదు.

ముందు సెలెక్షన్‌లో ఫ్రీహ్యాండ్‌తో చుట్టూ కొంచెం వదులుగా గీసి, తర్వాత పెన్సిల్‌తో లోపలికి వచ్చాను. భుజాలకి గట్టి అంచు బ్రష్షు, చెంపలకి కాస్త మెత్తనిది. కష్టమంతా అమ్మమ్మ జుట్టు దగ్గరే. నెరిసిన జుట్టు, వెనక నల్లటి తలుపు. వెంట్రుకల సందుల్లో తలుపు చీకటి చిక్కుకుని, లేత తెర మీద పెడితే తల చుట్టూ మసి గీసినట్టు కనిపించింది. ఇక్కడ మాస్క్‌తో కుస్తీ పట్టడం కంటే తెరనే మార్చడం నయం. తాతయ్య వెనక ఉన్న బూడిద తెరను వెడల్పుగా పరిచి, అమ్మమ్మ తల వెనక ముదురుగా దింపాను. చీకటిలో చీకటి కలిసిపోయింది. విడిగా ఎగిరిన వెంట్రుకలు నాలుగైదు మాత్రం సన్నటి బ్రష్షుతో మాస్క్‌లో తెలుపు గీసి తిరిగి తెచ్చాను.

చెవి పోగు, మెడలో నానుతాడు పవిట కిందికి పోయే చోటు, ఈ రెండింటినీ స్క్రీన్ నిండా పెద్దది చేసుకుని చేశాను. ఇంట్లో ఆడవాళ్ళు ముందు చూసేది అవే.

వెలుగు

అమ్మమ్మ ఫోటో ఎండలో తీసి ఉంటే ఈ ప్రాజెక్టు ఇక్కడే ఆగేది. ముక్కు నీడ చెంప మీద గట్టిగా పడితే దాన్ని తీయడమంటే కొత్త చెంప గీయడమే. అరుగు మీది నీడపట్టు వెలుగు మెత్తగా ఉంది, మన కుడివైపు చెంప ఎడమవైపు చెంప కంటే కొద్దిగా తెల్లగా ఉందంతే.

అమ్మమ్మ లేయర్ పైన రెండు క్లిప్పింగ్ మాస్క్ లేయర్లు (కింది లేయర్‌లో బొమ్మ ఉన్న మేరకే కనిపించేవి). ఒకటి నీడకి, మల్టిప్లై: ముదురు బూడిదతో, పెద్ద ఎయిర్‌బ్రష్షుతో, మన కుడివైపు చెంప, మెడ, భుజం మీద పలచగా. రెండోది వెలుగుకి, సాఫ్ట్ లైట్: తెలుపుతో నుదుటి ఎడమ, చెంప ఎముక, ముక్కు ఎడమ అంచు. రెండింటి ఒపాసిటీ (పూత చిక్కదనం) 20, 30 శాతం మధ్యే. ఒక్కో పూత వేశాక ఐప్యాడ్‌ను దూరంగా గోడకి ఆనించి చూడటం, మళ్ళీ దగ్గరకి తెచ్చుకోవడం. కళ్ళలోపల మాత్రం ఏ పూతా పడనివ్వలేదు. కనుపాపలో ఉన్న మెరుపు చుక్క కుడివైపు ఉంది, తాతయ్యది ఎడమవైపు. నిపుణులు చూస్తే పట్టుకుంటారు. పట్టుకోనీ, ఆ చుక్క ఆ రోజు ఆమె చూసిన వెలుగు.

ఇద్దరినీ నిజంగా కలిపింది ఒక చిన్న నీడ. అమ్మమ్మ తలా భుజమూ తాతయ్య చొక్కా మీద వేసే నీడ, ఆమె లేయర్ కింద, ఆయన లేయర్ పైన, మల్టిప్లైలో, అంచుకి ఆనుకున్న చోట ముదురుగా, దూరం పోయేకొద్దీ పలచగా. అప్పటిదాకా రెండు ఫోటోలు. ఆ నీడ పడ్డాక ఒకే గదిలో ఇద్దరు మనుషులు.

పెద్దమ్మ చూసింది

ఆదివారం పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. వేలితో అమ్మమ్మ మొహం పెద్దది చేసుకుని చూసింది.

"అమ్మ అమ్మలాగే ఉంది. నాన్న భుజాన కండువా ఉండాలి కదరా."

"ఫోటోలో లేదు పెద్దమ్మా."

"ఫోటోకని తీసేయమని ఉంటారు. కండువా లేకుండా గడప దాటేవాడు కాదు."

కాసేపాగి, "అమ్మని కొంచెం నవ్వించలేవా?" అంది. లిక్విఫైలో పెదవి మూలలు రెండు పిక్సెళ్ళు పైకి తోస్తే నవ్వు వస్తుంది. పాత ఫోటోల్ని నవ్వించే, కదిలించే ఏఐ యాప్‌లు కూడా ఇప్పుడు చేతిలోనే ఉన్నాయి. ఆ నవ్వు అమ్మమ్మది కాదు, అది వేల మొహాలు చూసి యంత్రం కట్టిన లెక్క. ఆ మాటే పెద్దమ్మకి చెప్పాను. "సరే, మా అమ్మ ఫోటోల్లో ఎప్పుడూ నవ్వదులే, వద్దు" అంది.

కండువా విషయంలో మాత్రం ఆమె మాటే నిజం. తాతయ్య కండువా ఒకటి మావయ్య బీరువాలో ఉందట. అదే కండువాను మావయ్య భుజాన వేసి, కిటికీ వెలుగు ఎడమవైపు నుంచి పడేలా నిలబెట్టి ఫోటో తీస్తే, అది కల్పించినది కాదు, ఆయన వస్తువే. దాని కోసం ఒక లేయర్ ఖాళీగా ఉంచాను. మొదటి ప్రింటు కండువా లేకుండానే.

గరుకు

దగ్గరగా చూస్తే ఇంకా ఒక తేడా. తాతయ్య మొహం మీద పాత ఫిల్మ్ గరుకు, అమ్మమ్మ మొహం నున్నన. తాతయ్యను నున్నగా చేస్తే వివరం పోతుంది. ఇద్దరి మీదా ఒకే గరుకు పడాలి.

అన్నిటికంటే పైన ఒక లేయర్‌లో సరిగ్గా సగం బూడిద నింపి, బ్లెండ్ మోడ్ ఓవర్‌లే చేస్తే బొమ్మలో ఏ మార్పూ కనిపించదు. ఆ లేయర్‌కి నాయిస్ (సన్నటి చుక్కలు) ఇస్తే గరుకు ఒక్కటే కిందికి దిగుతుంది. అమ్మమ్మ మీద కొంచెం ఎక్కువ, తాతయ్య మీద తక్కువ ఉండేలా ఆ లేయర్‌కే మాస్క్ వేశాను. తెర మీద కూడా పడటం ముఖ్యం. మనుషుల మీద గరుకుండి వెనక గోడ నున్నగా ఉంటే అతుకు వెంటనే తెలిసిపోతుంది.

ప్రింటు

ముందు అన్ని లేయర్లతో ప్రొక్రియేట్ ఫైలు ఒకటి, ఫోటోషాప్‌లో తెరుచుకునే పీఎస్‌డీ ఒకటి దాచాను. ల్యాబుకి ఇచ్చేది ఎస్‌ఆర్‌జీబీలో (మామూలుగా వాడే రంగుల ప్రమాణం) జేపెగ్.

నలుపు తెలుపు ఫోటోని ల్యాబులో రంగుల కాగితం మీదే వేస్తారు. అప్పుడు బూడిద రంగులో పచ్చదనమో ఊదారంగో తొంగిచూస్తుంది. ముందే, వెలుగునీడలకి తగ్గట్టు రంగు వేసే గ్రేడియంట్ మ్యాప్‌తో మొత్తానికి పలచటి గోధుమ ఛాయ ఇస్తే ఆ తేడా అంతగా కనపడదు. స్క్రీన్ వెలుతురు కాగితానికి ఉండదు కాబట్టి నీడల్ని కర్వ్స్‌లో ఒక పిసరు పైకి లేపాను. 4 × 6 ట్రయల్ ప్రింటు వేయించాను: అమ్మమ్మ కొప్పు నలుపులో కలిసిపోయింది, మిగతాది బాగుంది. తెరను ఆ మేరకు లేతపరిచి పెద్దదానికి ఇచ్చాను. మ్యాట్ కాగితం అడిగాను, హాల్లో ట్యూబ్‌లైటు ఎదురుగా ఉంది.

పటం వెనక అట్ట మీద అంటించడానికి ఒక కాగితం రాశాను: ఇది రెండు ఫోటోలు కలిపి చేసినది, తాతయ్యది పాసుపుస్తకం నుంచి, అమ్మమ్మది పెళ్ళి ఫోటో నుంచి, అసలువి ఫలానా చోట ఉన్నాయి అని. మనవల పిల్లలు దీన్ని తీసి చూసేనాటికి ఈ సంగతి చెప్పేవాళ్ళు ఉండకపోవచ్చు. ఉప్పెనలో పోయిన ఫోటో ఇదేనని వాళ్ళు అనుకోకూడదు.

ఇక మిగిలింది కండువా. ఈ శనివారం మావయ్య బీరువా తెరిచి చూస్తానన్నాడు.